పదకొండు వేల మైళ్ల ఒంటరి బాట: ఎమీ జాన్సన్

రెండు నగరముల నడుమ దూరమెంత అని అడిగిన బాలునకు, పటము ముందుంచి కొలబద్దతో కొలిచి చెప్పవచ్చును. ఆ దూరము నిన్నను నేడును ఒక్కటే. కాని ఆ దూరమును దాటుటకు ఎంత కాలము పట్టునని అడిగినచో సమాధానము తరము తరమునకు మారుచు వచ్చినది. ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు నడుమ గల దూరమే ఇందుకు చక్కని నిదర్శనము. పొగయోడల కాలమున ఆ ప్రయాణమునకు అయిదారు వారములు పట్టెడిది. 1919లో రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు ఇద్దరు మెకానిక్కులను వెంట నిడుకొని విమానముపై 28 దినములలో చేరిరి. 1928లో బర్ట్ హింక్లర్ ఒంటరిగా పదునైదున్నర దినములలో చేరెను. 2018 మార్చిలో ఆస్ట్రేలియా పడమటి తీరమునందలి పెర్త్ నగరమునకు, లండనునకు నడుమ మార్గమధ్యమున ఎక్కడను ఆగని విమానము తొలిసారి నడచినప్పుడు, 14,498 కిలోమీటర్ల ఆ దూరమునకు పట్టిన కాలము ఇంచుమించు 17 గంటలు మాత్రమే.

ఈ అంకెల వరుసలో 1930 సంవత్సరము నాటి అంకె యొకటి కలదు. అది పందొమ్మిదిన్నర దినములు. వేగమును బట్టి చూచినచో అది ఘనవిజయము కానేకాదు. హింక్లరు కాలముకంటె నాలుగు దినములు ఎక్కువ. అయినను ఆనాటి లోకము ఆ అంకెనే ఎక్కువగా కొనియాడినది, ఆ పైలటు పేరునే పాటలు కట్టి పాడుకొన్నది. ఆ పైలటు ఇరువదియారేండ్ల యువతి. అంతకు రెండేండ్లకు ముందు ఆమెకు విమానము నడుపుటలో ఓనమాలు కూడ తెలియవు. ఆమె పేరు ఎమీ జాన్సన్.

ఎమీ 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పు తీరమునందలి హల్ అను రేవు పట్టణమున జన్మించెను. ఆమె తాత డెన్మార్కు దేశమునుండి వచ్చి అచ్చట స్థిరపడినవాడు. తండ్రి జాన్ విలియం జాన్సన్ చేపల వర్తకుడు, కలిగినవాడు. నలుగురు ఆడుపిల్లలలో ఎమీ పెద్దది. హల్ పట్టణముననే పాఠశాల చదువు ముగించి, షెఫీల్డ్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము ముఖ్యముగా అభ్యసించి, 1925లో పట్టభద్రురాలయ్యెను. ఆనాడు ఒక ఆడుపిల్లకు పట్టము వచ్చుట అరుదు. ఆ పట్టమునకు తగిన ఉద్యోగము దొరకుట అంతకంటె అరుదు. ఆమె లండను చేరి ఒక న్యాయవాది కార్యాలయమున కార్యదర్శినిగా కుదిరి, టైపు యంత్రము ముందు కూర్చుండెను.

ఆ కాలముననే ఆమె హృదయమునకు ఒక గాయము తగిలెను. తాను ఏండ్ల తరబడి ప్రేమించిన స్విట్జర్లండు దేశీయుడొకడు 1928లో వేరొక యువతిని వివాహమాడెను. ఆ సంవత్సరముననే ఆమె లండను శివారునందలి స్టాగ్ లేన్ విమానాశ్రయమున ఫ్లయింగు క్లబ్బులో చేరెను. దుఃఖమును మరచుటకు చేరెనో, చిన్నతనపు కోరిక తీర్చుకొనుటకు చేరెనో ఒకరు చెప్పగలిగినది కాదు. చేరిన తరువాత మాత్రము ఆమె మనస్సు మరి వేరొక దానిపైకి పోలేదు.

విద్య సులభముగా పట్టుబడలేదు. చురుకైన విద్యార్థులు పది గంటల శిక్షణతో ఒంటరిగా ఎగురుచుండగా, ఎమీకి ఇంచుమించు పదునారు గంటలు పట్టెను. విమానమును నేలకు దించుటయందు ఆమె చేయి చివరివరకు కొంత మొరటుగానే ఉండెనని చెప్పుదురు. 1929 జూన్ మాసమున ఆమె తొలిసారి ఒంటరిగా ఎగిరెను. జూలైలో పైలటు అనుమతి పత్రము లభించెను. ఆ జూలై మాసముననే చెల్లెలు ఐరీన్ బలవన్మరణము పొందెను. ఆ దెబ్బ తరువాత ఎమీ కార్యాలయపు కొలువు విడిచి, తన పగలంతయు విమానములకే అంకితము చేసెను.

ఆమె పట్టుదలకు నిజమైన గుర్తు పైలటు పత్రము కాదు. ఉదయమున తెల్లవారకమునుపే విమానశాలకు పోయి, జాక్ హంఫ్రీస్ అను ప్రధాన మెకానిక్కువద్ద ఇంజను విప్పుట, బిగించుట, రెక్క గుడ్డకు మాటు వేయుట మున్నగు పనులు నేర్చుకొనెను. పురుషులు మాత్రమే మసలు ఆ షెడ్డులో మొదట ఆమెను నవ్వులాటగా చూచిరి. పిదప తమలో ఒకతెగా ఎంచిరి. 1929 చివరకు ఆమె గ్రౌండు ఇంజనీరు పత్రము పొందెను. బ్రిటనులో ఆ పత్రము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆరు నెలల తరువాత ఆమె ప్రాణములను నిలిపినది ఈ విద్యయే.

ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిపోవలెనను ఆలోచన ఆమెకు ఆ శీతకాలమున కలిగెను. ధనసహాయము కొరకు ఆమె వ్రాసిన లేఖలకు పెక్కుచోట్ల ప్రత్యుత్తరమే రాలేదు. తుదకు తండ్రియు, నూనెల వ్యాపారమున కోటీశ్వరుడైన లార్డ్ వేక్‌ఫీల్డును ఆదుకొనిరి. వారిచ్చిన 600 పౌన్లతో అంతకుముందు ఒకరు వాడి విడిచిన జిప్సీ మాత్ విమానము కొనబడెను. మార్గములో పెట్రోలు నిలువలు ఏర్పరచుటకు వేక్‌ఫీల్డు అంగీకరించెను. విమానమునకు ఎమీ జేసన్ అని పేరు పెట్టెను. బంగారు ఉన్నిని వెదకుచు ఓడపై వెడలిన గ్రీకు వీరుని పేరు అది. తండ్రి చేపల పెట్టెలపై ముద్రించు వ్యాపార చిహ్నమును అదియే.

జేసన్ ఎట్టి విమానమో తెలిసిననే ఆమె సాహసము తెలియును. కర్ర చట్రమునకు గుడ్డ కట్టి రంగు పూసిన రెండంతస్తుల రెక్కలు, 100 అశ్వశక్తి గల ఇంజను, పైకప్పు లేని ఆసనము. గంటకు 80, 85 మైళ్లకు మించి పోజాలదు. అందు రేడియో లేదు. రాత్రి ఎగురుటకు దీపములు లేవు. ఎక్కువ పెట్రోలు పట్టుటకై ముందు ఆసనమున్న చోట అదనపు తొట్లు అమర్చిరి. ఆ తొట్లనుండి పెట్రోలును పై తొట్టికి చేతి పంపుతో తోడుకొనవలెను. ఒక విడి ప్రొపెల్లరును విమానపు ప్రక్కకు త్రాళ్లతో కట్టిరి. ఇక పైలటు అనుభవమా, మొత్తము 85 గంటలు. అంతవరకు ఆమె చేసిన దీర్ఘయాత్ర లండనునుండి స్వగ్రామమైన హల్ వరకు, రెండు వందల మైళ్లకు లోపు.

భూగోళముపై లండనునకు, ఆస్ట్రేలియా ఉత్తర కొననున్న డార్విన్ పట్టణమునకు నడుమ మిక్కిలి దగ్గర దారి కొలిచినచో ఇంచుమించు 8,600 మైళ్లు వచ్చును. కాని ఆ గీత రష్యామీదుగా, మధ్య ఆసియా ఎడారులమీదుగా, పడమటి చైనా పీఠభూములమీదుగా సాగును. ఆ దారిలో చిన్న విమానమునకు దిగుటకు చోటులేదు, పెట్రోలు లేదు, దారి తప్పినవారిని వెదకువారు లేరు. కావున నాటి విమానములు ఒక ఊరినుండి మరియొక ఊరికి మెట్టు మెట్టుగా పోవలసి యుండెను. అట్లు పోయినచో దారి 11,000 మైళ్లగును. ఆ మెట్ల నడుమనైనను కాలము మిగుల్చుకొనవలెనని ఎమీ పటములపై కొలబద్దనుంచి వీలైనంతవరకు తిన్నని గీతలు గీసికొనెను. ఆ గీతలక్రింద ఎట్టి కొండలున్నవో, ఎట్టి ఎడారులున్నవో కొలబద్ద చెప్పదు. హింక్లరు పదునైదున్నర దినములను పండ్రెండు దినములకు దించవలెనని ఆమె ఆశ.

1930 మే 5వ తేదీ ఉదయమున లండను సమీపమునందలి క్రాయ్‌డన్ విమానాశ్రయమునుండి ఆమె బయలుదేరెను. సాగనంప వచ్చినవారు తండ్రియు, కొలదిమంది మిత్రులును మాత్రమే. పెట్రోలు బరువుచే జేసన్ మొదటి ప్రయత్నమున నేలవిడువలేదు. రెండవసారి లేచెను. నాటి సాయంకాలమునకు వియన్నా, మరునాటికి కాన్‌స్టాంటినోపిల్ చేరెను. మూడవనాడు టర్కీ దేశమునందలి టారస్ పర్వతములు అడ్డుపడెను. పండ్రెండు వేల అడుగులవరకు లేచియున్న ఆ శిఖరములపైకి బరువెక్కిన జేసన్ ఎగబ్రాకజాలదు. ఆమె రైలుమార్గమును గుర్తుపట్టి, కనుమల నడుమ మేఘములలో దూరి, రెక్క అంచులను రాతిగోడలకు తగులనీయక అలెప్పో చేరెను.

అలెప్పో నుండి బాగ్దాదునకు పోవుచుండగా ఇసుకతుఫాను చుట్టుముట్టెను. విమానము వేలకొలది అడుగులు క్రిందికి పడి, ఎడారిపై ఎట్లో దిగినది. ఎమీ చక్రముల వెనుక తన సామానులు అడ్డుపెట్టి, ఇంజనులోనికి ఇసుక పోకుండ గుడ్డ కప్పి, విమానము కొట్టుకొనిపోకుండ తోకను పట్టుకొని గంటలకొలది కూర్చుండెను. దూరమున కుక్కల అరపులు వినబడగా పిస్తోలు చేతబట్టుకొనెను. గాలి శాంతించినపిదప మరల ఎగిరి బాగ్దాదు చేరెను. అచ్చట దిగునప్పుడు చక్రముల కమ్మి విరిగెను. బ్రిటిషు వైమానిక దళమువారు రాత్రికి రాత్రి దానిని బాగుచేసిరి. ఇట్టి అవాంతరములన్నియు దాటి, మే 10వ తేదీన, ఆరవనాడు, ఆమె కరాచీ చేరెను. హింక్లరుకంటె రెండు దినములు ముందు. అంతవరకు ఆమెను లెక్కచేయని పత్రికలు ఒక్కసారిగా ఆమె పేరును మొదటి పుటపై ముద్రించెను.

అదే కాలమున ఇంగ్లండు–ఇండియాల నడుమ ఒంటరిగా ఎగురు మొదటి భారతీయునకు ఆగా ఖాన్ 500 పౌన్ల బహుమానము ప్రకటించియుండెను. యువకుడైన జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి పడమటికిని, ఇంకను పదునెనిమిదేండ్లు నిండని ఆస్పీ ఇంజనీరు ఇంగ్లండు నుండి తూర్పునకును ఎగురుచుండిరి. ఎమీ కరాచీ దాటిన ఆ మే మాసముననే ఇంజనీరు అచ్చటికి చేరి బహుమానము గెలిచెను. ఒకే బాటపై, ఒకే జాతి విమానములలో, ఇరువది యేండ్ల అటునిటు వయస్సు గలవారు దూరమునకు కొత్త కొలత కనుగొనుచున్న దినములవి.

కరాచీ నుండి అలహాబాదునకు ఎమీ ఒకే ఊపున పోదలచెను. ఎదురుగాలి వీచుటచే పెట్రోలు చాలలేదు. ఝాన్సీ పట్టణమున సైనికుల కవాతు మైదానమే దిక్కయ్యెను. మనుష్యుల నడుమ, స్తంభముల నడుమ దొర్లిపోయిన జేసన్ రెక్క దెబ్బతినెను. దానిని అచ్చటివారు మరమ్మతు చేసియిచ్చిరి. మరునాడు అలహాబాదులో పెట్రోలు నింపుకొని ఆమె కలకత్తా చేరెను. అప్పటికిని ఆమె హింక్లరుకంటె ముందే ఉన్నది.

ఆమె ఆధిక్యమును హరించినది రంగూను. బర్మా కొండలపై వర్షము దారి కనబడనీయలేదు. రంగూను గుఱ్ఱపు పందెముల మైదానమున దిగవలసినది. వానలో ఊరు గుర్తింపలేక, కొన్ని మైళ్ల దూరమునందలి ఇన్‌సేన్ అను చోట ఇంజనీరింగు విద్యాలయపు ఆటస్థలమున దిగి, అంచునున్న కాలువలో ముక్కు పొడిచెను. ప్రొపెల్లరు విరిగెను. చక్రములు నలిగెను. రెక్క చీలెను. దైవికముగా ఆమె పడినది మరమ్మతు విద్య నేర్పు బడి ముంగిటనే. ఉపాధ్యాయులును విద్యార్థులును కలిసి చట్రమును అతికిరి. రెక్కకు తగిన గుడ్డ ఊరంతటను లేదు. మొదటి మహాయుద్ధమున మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టించుకొన్న చొక్కాలు కొందరివద్ద ఉండెను. ఆ చొక్కాలను విప్పి రెక్కకు కుట్టిరి. క్రాయ్‌డన్ నుండి మోసికొనివచ్చిన విడి ప్రొపెల్లరు అచ్చట అక్కరకు వచ్చెను. కాని రెండు మూడు దినములు గడచిపోయెను. హింక్లరు కాలమును జయించు ఆశ అచ్చట అంతరించెను.

వెనుకకు మరలుటకు అంతకంటె తగిన కారణము అక్కరలేదు. ఆమె మరలలేదు. బ్యాంకాకు, సింగపూరు దాటి జావా ద్వీపమున ఒక చెరకు తోట చెంత దిగినప్పుడు, నేలలో పాతిన వెదురు కర్రలు రెక్క గుడ్డను చీల్చెను. ఆ చినుగులను గాయములకు అంటించు ప్లాస్టరు పట్టీలతో అతికి ఆమె మరల ఎగిరెను. టిమోర్ ద్వీపమున చీకటి పడుచుండగా, చేరవలసిన విమానాశ్రయము కానరాక, చెదపుట్టలు నిండిన బయలులో దిగెను. ఒక దినమంతయు లోకమునకు ఆమె జాడ తెలియలేదు. ఇంగ్లండులో ఆమె మరణించెనేమో అని ఎల్లరు శంకించుచుండగా, ఆమె పల్లెవాసుల ఆదరణమున సురక్షితముగా ఉండెను.

కడపటి మెట్టు టిమోర్ సముద్రము. ఇంచుమించు 500 మైళ్ల నీరు, నడుమ నేల లేదు. ఇంజను ఆగినచో ఈదుట తప్ప గతిలేదు. సముద్రమధ్యమున నిలిపియుంచిన చమురు ఓడ యొకటి ఆమెను చూచి, ఆమె క్షేమవార్తను తంతిలేని తంతిపై పంపెను. మే 24వ తేదీ మధ్యాహ్నమున జేసన్ డార్విన్ నేలపై నిలిచెను. ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ ఎమీ జాన్సన్ అయ్యెను.

ఆ పందొమ్మిదిన్నర దినములను విడదీసి చూచినచో దూరమునకు, కాలమునకు గల సంబంధము తేటపడును. గంటకు 80 మైళ్ల చొప్పున 11,000 మైళ్లకు 137 గంటలు, అనగా ఆరు దినములకు లోపు చాలును. మిగిలిన పదుమూడు దినములకు పైగా నేలమీదనే గడచెను. పెట్రోలు పోసికొనుట, ఇంజను విప్పి తుడుచుట, విరిగినది అతుకుట, మూడు నాలుగు గంటలు నిద్రించుట, ఇవియే ఆ దినములను మ్రింగెను. అంతేకాక తూర్పునకు పోవువారికి పగలు కుదించుకొనిపోవును. గ్రీనిచ్ కాలమునకు డార్విన్ కాలము తొమ్మిదిన్నర గంటలు ముందు. కావున ఆమె ప్రతి దినమును సగటున అరగంట వెలుతురును కోల్పోవుచు వచ్చెను. రాత్రి దీపములు లేని విమానమునకు అరగంట వెలుతురనగా నలుబది మైళ్లు. ఆకాశమున ఎంత వేగము పెంచినను, నేలపై గడచు కాలము తగ్గనిదే రెండు నగరములు దగ్గర కావు. ఎమీ యాత్ర ఈ సత్యమును లోకమునకు కన్నులకు కట్టినట్లు చూపినది.

కీర్తి ఆమెపై వరదవలె వచ్చిపడెను. ఆస్ట్రేలియాలో ఊరూర ఊరేగింపులు. అయిదు దినములకే బ్రిస్బేనున దిగునప్పుడు జేసన్ మైదానము దాటిపోయి తలక్రిందులయ్యెను. ఆమెకు దెబ్బ తగులలేదు గాని అలసట హద్దుమీరెను. ఇంగ్లండు ప్రభుత్వము సి. బి. ఇ. బిరుదమిచ్చెను. డెయిలీ మెయిల్ పత్రిక పదివేల పౌన్లిచ్చెను. ఆగస్టులో ఆమె తిరిగి వచ్చినప్పుడు క్రాయ్‌డన్ నుండి లండను నడిబొడ్డు వరకు లక్షలాది జనము బారులు తీరిరి. మూడు నెలలక్రితము అదే క్రాయ్‌డనున ఆమెను సాగనంపినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఈ మార్పును భరించుట ఎడారిని దాటుటకంటె ఆమెకు కష్టమయ్యెను. సన్మానసభల పరంపరలో ఆమె ఆరోగ్యము చెడి, పత్రికవారు ఏర్పరచిన పర్యటన నడుమనే నిలిచిపోయెను.

తరువాతి సంవత్సరములలో ఆమె ఒక నగరమునకు, మరియొక నగరమునకు నడుమ కాలమును కుదించుటయే వృత్తిగా చేసికొనెను. 1931లో గురువైన హంఫ్రీసుతో కలిసి లండనునుండి మాస్కోకు ఒకే దినమున చేరెను. అట్లు చేరినవారిలో వారే ప్రథములు. అచ్చటినుండి సైబీరియామీదుగా టోకియో వరకు పోయెను. 1932 జూలైలో స్కాట్లండు దేశీయుడైన జిమ్ మాలిసన్ అను సుప్రసిద్ధ పైలటును వివాహమాడెను. ఆ నవంబరులోనే ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనునకు ఒంటరిగా 4 దినముల 7 గంటలకు లోపు చేరి, భర్త నెలకొల్పిన రికార్డును పది గంటలకు పైగా మించెను. 1933లో దంపతులిరువురు వేల్సు తీరమునుండి న్యూయార్కునకు బయలుదేరి, అట్లాంటికు మహాసముద్రమును దాటి, గమ్యమునకు కొలది మైళ్ల దూరమున పెట్రోలు అడుగంటి, చీకటిలో కూలిరి. గాయములతో బయటపడిరి.

1934 అక్టోబరులో ఇంగ్లండునుండి మెల్‌బోర్నునకు జరిగిన మహాపందెమున మాలిసన్ దంపతులు కామెట్ అను కొత్త వేగవిమానములో పాల్గొనిరి. నాలుగేండ్లకు ముందు ఎమీకి ఆరు దినములు పట్టిన కరాచీ, ఈసారి 22 గంటలలో వచ్చెను. కొలబద్దపై ఆ దూరము వెంట్రుకవాసియైనను తగ్గలేదు. కాని అలహాబాదున ఇంజను చెడి వారి పందెము ముగిసెను. స్కాట్, క్యాంబెల్ బ్లాక్ అనువారు 71 గంటలలో మెల్‌బోర్ను చేరి గెలిచిరి. అంతకంటె గమనింపదగినది రెండవ స్థానము. దానిని పొందినది పందెపు విమానము కాదు. ప్రయాణికులను, తపాలను మోయుచు పోయిన డచ్చి కంపెనీ వారి మామూలు రవాణా విమానము. ఒంటరి వీరుల కాలము అస్తమించుచున్నదని ఆ ఫలితము చాటెను. 1935లో లండనునుండి బ్రిస్బేను వరకు టిక్కెట్టు కొన్న ప్రయాణికులు విమానముపై పోవుట మొదలయ్యెను. వారికి పట్టిన కాలము పండ్రెండున్నర దినములు. ఎమీ ప్రాణములొడ్డి సాధింపగోరిన కాలమే ఇంచుమించుగా అది. ఇప్పుడు దానిని టిక్కెట్టు కొన్నవారెల్లరు కూర్చున్నచోటనే పొందగలిగిరి.

ఎమీ 1936లో కేప్‌టౌను రికార్డును మరల గెలుచుకొనెను. అదియే ఆమె కడపటి రికార్డు. వివాహము చెదరి 1938లో విడాకులయ్యెను. మహిళా ఇంజనీర్ల సంఘమునకు రెండేండ్లు అధ్యక్షురాలిగా ఉండి, స్త్రీలకు యంత్రశాలల తలుపులు తెరువవలెనని కృషి చేసెను. అయినను స్థిరమైన కొలువు దొరకలేదు. కీర్తి మిగిలినది, పని మిగులలేదు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినపిదప 1940లో ఆమె విమానరవాణా సహాయక దళమున చేరెను. ఫ్యాక్టరీలనుండి, మరమ్మతు శాలలనుండి యుద్ధవిమానములను వైమానిక దళపు స్థావరములకు చేర్చుట ఆ దళమువారి పని. రికార్డులు లేవు, పత్రికలు లేవు. ప్రతిదినము పని మాత్రము ఉండెను.

1941 జనవరి 5వ తేదీన ఆమె ఆక్స్‌ఫర్డ్ రకపు శిక్షణ విమానమొకటి తీసికొని బ్లాక్‌పూల్ నుండి కిడ్లింగ్టన్ అను స్థావరమునకు బయలుదేరెను. గంట, గంటన్నర ప్రయాణము. స్వదేశముననే, చిరపరిచితమైన నేలపైననే. కాని ఆనాడు దేశమంతట మంచుపొగ, మేఘములు దట్టముగా కమ్మియుండెను. ఆ దళపు విమానములలో రేడియో ఉండెడిది కాదు. మూడు గంటలకు పైగా గడచినపిదప గమ్యమునకు నూరు మైళ్లకు పైగా తూర్పున, థేమ్స్ నది సముద్రముతో కలియుచోట, ఒక ప్యారాచూటు నీటిలో దిగుటను ఓడలవారు చూచిరి. హేజల్‌మియర్ అను ఓడ అధిపతి వాల్టర్ ఫ్లెచర్ మంచువంటి ఆ నీటిలో దూకెను. ఆమెను రక్షింపలేకపోయెను. తానును ప్రాణములు కోల్పోయెను. ఎమీ శరీరము దొరకలేదు. ఆమెకు అప్పటికి 37 ఏండ్లు. ఆమె దారి ఎట్లు తప్పెనో, తుది క్షణములలో ఏమి జరిగెనో అను వాదములు దశాబ్దములు సాగినవి.

పదకొండు వేల మైళ్లు క్షేమముగా దాటిన ఆమెకు నూటయేబది మైళ్లు దాటరానివయ్యెను. ఆకాశమున దూరము ఎంత చిన్నదైనను చిన్నది కాదని ఆ మరణము తెలిపినది. వాతావరణ సమాచారము, రేడియో, చీకటిలోను మబ్బులోను దారి చూపు సాధనములు, నిడివిగల చదునైన రన్‌వేలు, ఊరూర మరమ్మతు చేయువారు, ఇవన్నియు ఒకదానివెంట ఒకటిగా ఏర్పడినపిదపనే 28 దినములు 17 గంటలుగా మారెను. వానిలో ఏది లేకున్న ఏమగునో ఎమీవంటివారు తమ యాత్రలలో చవిచూచిరి. ఝాన్సీ మైదానము, ఇన్‌సేన్ కాలువ, టిమోర్ చెదపుట్టలు, థేమ్స్ ముఖద్వారము, వీనిలో ప్రతి ఒక్కటియు ఒక కొరతను లోకమునకు తెలిపిన చోటే.

శరీరము దొరకని వైమానికుల పేర్లు చెక్కిన రన్నీమీడ్ స్మారకమందిరమున ఆమె పేరు కలదు. జేసన్ లండనునందలి సైన్సు మ్యూజియములో పైకప్పునుండి వ్రేలాడదీయబడియున్నది. దానిక్రింద నిలిచి తలయెత్తి చూచువారికి మొదట కలుగు ఆశ్చర్యము ఒక్కటే: ఇంత చిన్న విమానమా! ఒక మనిషి పట్టు ఆసనము, గుడ్డ రెక్కలు, కర్ర ప్రొపెల్లరు. అంతకుమించి అందు ఏమియు లేదు.